పేటంతటికీ ఒకటే చుక్క

తొంభైల చివర ఒక డిసెంబరులో, రోలుగుంట నుంచి నర్సీపట్నం వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలామె పెద్ద ప్లాస్టిక్ నక్షత్రాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల బల్బు, బయట వైరు. మా కర్నూలులో కొట్లవాళ్లు క్రిస్మస్‌ను ఎలా మింగేశారో చూసినవాణ్ణి, నాకు ఒళ్లు మండింది.

"పశువుల పాకలో పుట్టినాయనకు ఇంత హంగేంది పెద్దమ్మా?"

"నాను కొన్లేదు బాబూ. మావోడు కొన్నాడు. తిరిగిచ్చీడానికే ఎల్తన్నాను."

ఎందుకని అడిగాను. వాళ్ల పేటంతటికీ వెదురుబద్దలతో కట్టిన చుక్క ఒకటే ఉంటుందట. పాటలు పాడుతూ దాన్ని రోజుకో ఇంటికి తెచ్చి కడతారట. ఆ రాత్రి అందరి భోజనమూ ఆ ఇంట్లోనేనట.

"ఇయ్యాల మా వొంతు. గుమ్మానికి ఇది ఏలాడితే, ఈళ్లకి సుక్కుంది కదాని ముందుకెల్లిపోరేటి?"

నర్సీపట్నంలో దిగాక ఆమెను వదల్లేక, వెంట ఆ కొట్టుదాకా వెళ్లాను.

"ఎలిగించిన సరుకు ఎనక్కి తీసుకోమమ్మా" అన్నాడు కొట్టతను.

ఆమె నక్షత్రాన్ని అతని తలుపుకే తగిలించింది.

"అయితే ఇయ్యాల సుక్క నీకాడే. పేటంతా కూటికొస్తాం. బేగి ఎసరెట్టించు."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి, గల్లాపెట్టె తెరిచాడు.