తుపాకీ మీద పసుపు

చెకుముకిరాయి నిప్పుతో పేలే పాతకాలపు సిపాయి తుపాకులు సేకరించడం నా పిచ్చి. కొత్తగూడలో ఒకటి దొరికింది. ఏ ఏడాదిదో ముద్ర చదివితేనే దాని విలువ తేలుతుంది. జనగామ బస్టాండులో కూర్చొని, దాన్నుంచి ఊడదీసిన ఇనుప పలక మీద ముద్రను కప్పేసి గట్టిపడిన పచ్చటి మురికిని గోటితో గీకుతున్నాను.

"ఏంది బిడ్డా గది?" అంది పక్కనున్న అవ్వ.

"పాత తుపాకీది అవ్వా."

నా చెయ్యి పట్టుకొని ఆపింది. "మురికి గాదు, పసుపు. ఏటేటా దసరాకు ఎవలో ఆడామె పెట్టింది. ఇంటాయన పానంతోని మర్లి రావాలని మొక్కుంటది."

కొంగుముడి విప్పి, చిల్పూర్ గుట్ట గుడి నుంచి తెచ్చుకున్న పసుపు నేను గీకినచోట అద్ది, బస్సెక్కింది.

ఇంటికొచ్చినవాళ్లు ఏ ఏడాదిదని అడుగుతారు. తెలియదంటాను. ప్రతి దసరాకు ఆ ముద్ర మీద ఇంకో పొర పసుపు అద్దుతాను.