పెద్దమామ అభ్యంతరం

మనకు రాష్ట్రం వచ్చిన కొత్తలోనే నాకు పాస్టర్ పదవి కూడా వచ్చింది. రెండింట్లో ఏది గొప్పదని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, నేను కాస్త ఆలోచించుకొని గానీ జవాబు చెప్పేవాణ్ణి కాను. బైబిలు స్కూలు నుంచి అప్పుడే బయటికొచ్చాను. తెల్ల చొక్కాలు కుట్టించుకున్నాను. గొంతు బరువుగా పెట్టి మాట్లాడటం అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ఇంత తయారైనవాణ్ణి మా పెద్దలు ఎక్కడికి పంపారయ్యా అంటే, ఆత్మకూరు పక్కన మా అమ్మ పుట్టిన ఊరికి! అమ్మ పుట్టిన ఊళ్లో ఎవడైనా పాస్టర్ కాగలడా? ఊరంతా నాకు మామలు, అత్తలు. వాళ్ల పిల్లలంతా బావలు, మరదళ్లు. మొదటి ఆదివారం లేచి నిలబడి "ప్రియ సహోదరీ సహోదరులారా" అన్నానో లేదో, ముందు వరసలోంచి ఒక పిల్ల "ఏంది బావా, మమ్ముల సహోదరీలంటున్నవు? వరుస తప్పుతున్నవు!" అంది. చర్చిలో ఒకటే నవ్వు. ఆ రోజు ప్రసంగం ఎలా ముగించానో నాకే గుర్తు లేదు.

ఆ పిల్ల మా చిన్నమామ కూతురు. ఆమెను చిన్నప్పటి నుంచి పెంచింది మాత్రం పిల్లల్లేని పెద్దమామ, పెద్దత్త. ఈ పెద్దత్త గురించి చెప్పాలి. సంఘానికి పేరుకు పెద్దలు వేరే ఉన్నారు, వాళ్లకు ముందు వరసలో కుర్చీలున్నాయి. పెద్దత్తకు ఏ పదవీ లేదు. ఆదివారం పొద్దున నేను గంట కొట్టి కొట్టి, భుజం పట్టేసి కూర్చున్నా పిల్లి కూడా వచ్చేది కాదు. ఆమె ఇంట్లోంచి బయల్దేరి, "ఏం వదినె, బర్రె ఈనిందంట గదా, దూడ మంచిగున్నదా? నడువు, నడుచుకుంట చెప్పు", "ఓ తమ్మీ, జరమన్నరు, తగ్గిందా? తగ్గకుంటె ఆడ్నే పండుకుందువు గని రా" అనుకుంటూ వాడ తిరిగి వచ్చేసరికి, ఆమె వెనకాల సంఘమంతా ఉండేది. (ఒకసారి ఆమె మాటల్లో పడి, చర్చితో ఏ సంబంధమూ లేని గొర్రెలు కాసే తాత కూడా వచ్చి కూర్చున్నాడు. కాపరి లోపల, గొర్రెలు బయట. నా ప్రసంగానికి గొర్రెలే ఎక్కువ స్పందించాయి.) ఎవరింట్లో కాన్పయినా దవాఖానలో ముందు కనిపించేది ఆమే, ఎవరింట్లో ఏడుపు వినిపించినా గడప మీద కూర్చునేది ఆమే. నేనేమో "పాపం, పెద్దత్త నాకు బాగా సాయపడుతోంది" అనుకునేవాణ్ణి. ఎవరికి ఎవరు సాయపడుతున్నారో తెలిసేంత జ్ఞానం బైబిలు స్కూల్లో నాకు అబ్బలేదు.

ఇలా ఉండగా ఆ మరదలికి పెళ్లి కుదిరింది. చిన్నమామ జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేసేవాడు. సెలవు దొరక్క, పెళ్లికార్డు ఫోన్లో ఉన్న నంబర్లన్నింటికీ ఒకేసారి పంపేశాడు. అది అందరితో పాటు పెద్దమామకూ వచ్చింది. అంతే, కొంపలంటుకున్నాయి. "ఎరువుల దుకాణపాయనకు, నాకు ఒక్కటే పిలుపా? సొంత అన్న ఇంటికొచ్చి పిలవనీకి వానికి కాళ్లు లేవా?" అని పెద్దమామ. "ఇంట్లోళ్లను ఎవరన్న పిలుస్తరా? అది ఆయన బిడ్డె గదా! నేను ఆయన్ని పిలుసుడేంది, ఆయనే నన్ను పిలవాలె" అని చిన్నమామ. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరిదీ మొండితనమే. మాటలు బందైపోయాయి. పెళ్లికూతురు మాత్రం ఒకటే మాట పట్టుకుంది. "పెద్దబాపు రాకుంటె నేను పెండ్లి చీర కట్ట" అని.

నేను రంగంలోకి దిగాను. తెల్ల చొక్కా వేసుకొని, బైబిలు చంకలో పెట్టుకొని పెద్దమామ దగ్గరికి వెళ్లి, సమాధానపడటం గురించి బరువైన గొంతుతో బోధించాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, "అయిపాయెనా అల్లుడా? బర్రెకు కుడితి పెట్టాలె" అని లేచి వెళ్లిపోయాడు. బర్రె కంటే వెనకబడ్డానని నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి వస్తుంటే పెద్దత్త వాకిట్లో ఆపి, "రేపు పగటీలి బువ్వకు రా. ఉత్తగ రా, గా పుస్తకం ఇంట్ల పెట్టి రా" అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వెళ్లాను. జొన్నరొట్టె, నాటుకోడి కూర. నేను, పెద్దమామ పక్కపక్కన కూర్చున్నాం. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. నేను మూడో రొట్టెలో ఉండగా పెద్దత్త కూర వడ్డిస్తూ, "అల్లుడా, నువ్వింత వరకు పెండ్లి చెయ్యలే గదా. భయమైతలేదా?" అని అడిగింది. అప్పటిదాకా నన్నా మాట ఎవరూ అడగలేదు. నోట్లో రొట్టె ఉంది. గొంతు బరువుగా పెట్టడం కుదరలేదు. "అయితాంది అత్తా," అన్నాను. "నిద్ర పడతలేదు. జడ్చర్లోళ్లంతా వస్తరు. పేర్లు మర్చిపోతనేమో, కాళ్లు వణుకుతయేమో. మామ ఎదురుంగ కూసుంటె జర ధైర్యముంటుండె." అంటూనే నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. (కూర కారం అని చెప్పుకున్నాను. ఎవరూ నమ్మలేదు.)

పెద్దమామ తినడం ఆపాడు. "నిన్న వచ్చినోడు పాస్టర్. ఇయ్యాల వచ్చినోడు మా చెల్లె కొడుకు," అన్నాడు. "ఫికర్ చేయకు. వచ్చి కూసుంట. నీ కోసం వస్త, వాని కోసం కాదు. వానితోని మాట్లాడ, ముందే చెప్తున్న." పెద్దత్త నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

పెళ్లిరోజు ఆయన నిజంగానే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన్ని చూసి పెళ్లికూతురు మొహం వెలిగిపోయింది. చిన్నమామ బిడ్డను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టి, అన్నను చూడగానే తల తిప్పుకొని, వెళ్లి తలుపు దగ్గర పరాయివాడిలా నిలబడ్డాడు. నా బావలంతా "మరదలిని చేజేతుల ఇంకొకనికి ఇస్తున్నవు, పాపం!" అని గుసగుసలు. వాటిని దాటుకుంటూ పేర్లు తప్పకుండా చదివాను, కాళ్లు కూడా నిలిచాయి. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే లేచి చెప్పాలి" అని, మాట పూర్తయిందో లేదో పేజీ తిప్పబోయాను. ఎవరు లేస్తారు, మాట వరసకు అడిగేదే కదా!

పెద్దమామ లేచాడు.

"నాకున్నది" అన్నాడు.

నా చేతిలో పుస్తకం కింద పడింది. పెళ్లికొడుకు తల్లి "ఓ దేవా!" అంది. నేను చూసింది పెద్దత్త వైపు. ఆమె మొహంలోనూ నెత్తురు చుక్క లేదు, ఇది ఆమెకూ తెలియదు.

పెద్దమామ తలుపు వైపు తిరిగాడు. "పిల్ల తండ్రి గాడ ఎనక నిలవడితె పెండ్లెట్లయితది? నేనొక్కన్ని ముందల కూసొని ఏం జేయాలె? గిది నా అభ్యంతరం." ఆయన చెయ్యి చాచాడు. "రా తమ్మీ. ఇగో, నేనే పిలుస్తున్న. రా."

చిన్నమామ కుర్చీలకు తగులుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు పట్టుకొని చిన్నపిల్లల్లా ఏడ్చారు. పెళ్లికూతురు వాళ్లిద్దరి మధ్య దూరింది. పెళ్లికొడుకు ఒక్కడే మిగిలి నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. పెద్దత్త కొంగుతో కళ్లు తుడుచుకొని, నా పుస్తకం తీసి దుమ్ము దులిపి చేతికిచ్చింది. "ఇంకేంది అల్లుడా, కానీ. అన్నం చల్లారుతాంది" అంది. ఆమె కానిమ్మన్నాకే మళ్లీ పెళ్లి మొదలైంది.

ఇప్పుడు నేను పెద్ద ఊళ్లో పెద్ద చర్చిలో ఉన్నాను. అందరూ అయ్యగారూ అంటారు, చెప్పింది బుద్ధిగా వింటారు. పెళ్లిళ్లు చాలా చేశాను. అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి అన్నాక, నేను కావలసినదాని కంటే కొంచెం ఎక్కువసేపే ఆగుతాను. మా ఆవిడ "ఎందుకండీ అంతసేపు, పిల్ల తల్లిదండ్రులకు గుండె ఆగిపోతుంది" అని కోప్పడుతుంది. ఏం చెప్పను? మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఆశగా చూస్తాను. ఎవరూ లేవరు. నవ్వుకొని పేజీ తిప్పుతాను.