ఆగిన కారుకు రెండు బెల్లులు

వీరరాఘవయ్యగారు కదిలే లారీకి భయపడరు. ఆగి ఉన్న కారుకి భయపడతారు. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ దాకా సైకిలు మీద తిరిగేవాళ్ళంతా లారీ కనబడితే గుండె చిక్కబట్టుకునేవారు, ఆగిన కారు కనబడితే దాన్ని రాసుకుంటూ దూసుకుపోయేవారు. ఈయనది పూర్తిగా తిరగేసిన లెక్క. ఇసుక లారీ హారన్ కొట్టుకుంటూ మీదికొస్తుంటే మర్యాదగా పక్కకు జరిగి, దారిచ్చి, తన మానాన తను తొక్కుకుంటూ పోయేవారు. అదే రోడ్డు వారన ఒక అంబాసిడర్ ఊరికే నిలబడి ఉంటే చాలు, ఆయనకు ముచ్చెమటలు పోసేవి.

ముందు సైకిలు వేగం తగ్గేది. తరవాత రెండు బెల్లులు మోగేవి. ఒకటి కాదు, మూడు కాదు. ఆపైన ఆయన మెడ సాచి, కారు అద్దంలో లోపలి మనిషి మొహం వెతికి, "దిగుతున్నారా అండీ?" అని అడిగేవారు. దిగడం లేదంటే, తలుపు బార్లా తీసినా తగలనంత ఎడంగా జరిగి దాటేవారు. దిగుతున్నామంటే ఆగి, "ఆ చెయ్యి కాదండీ, అవతలి చేత్తో తీయండి" అనేవారు. తలుపుకి దూరంగా ఉన్న చేత్తో గడియ తీస్తే ఒళ్ళు తిరుగుతుంది, ఒళ్ళు తిరిగితే కన్ను వెనక్కి పోతుంది, కన్ను వెనక్కి పోతే వచ్చేవాడు కనబడతాడు. ఈ పాఠం ఆయన డ్రైవర్లకు చెప్పారు, డైరెక్టర్లకు చెప్పారు, ఒక పెద్ద హీరోకి ఆయన కారు దగ్గరే చెప్పి, చెప్పినట్టు చేసేదాకా కదలలేదు.

నడిచేవాళ్ళకు మాత్రం బెల్లు కొట్టేవారు కాదు. బెల్లు కొడితే మనిషి ఉలిక్కిపడి ఎటు దూకుతాడో వాడికే తెలియదని ఆయన వాదన. అందుకని వెనక నుంచి మెల్లగా, "అమ్మా, మీ కుడిపక్క నుంచి పోతున్నాను, మీరు అలాగే నడవండి" అనేవారు. ఆ అమ్మ ఆగి, ఎవరా అని వెనక్కి తిరిగేది. ఈయనా ఆగేవారు. ఆవిడ ఏ ఊరో, ఈయన ఏ ఊరో తేలేసరికి చెక్‌పోస్టు దగ్గర మరో నాలుగు కార్లు వచ్చి ఆగేవి.

ఇంతకీ ఆయన వృత్తి చప్పుళ్ళు చేయడం. తెర మీద హీరోయిన్ మెట్లు దిగుతుంటే, డబ్బింగ్ థియేటర్లో ఈ అరవయ్యేళ్ళ రేపల్లె మనిషి, గుబురు మీసాలతో, ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని చెక్కపలక మీద టకటకా నడిచేవారు. కొబ్బరిచిప్పలతో గుర్రాలు పరిగెత్తించేవారు. ఆ చప్పుళ్ళన్నీ ఒక సంచిలో పడి సైకిలు హ్యాండిల్‌కి వేలాడుతూ ఉండేవి. పనిలో ఆయనకు వంక పెట్టేందుకు లేదు, ఒక్కటి తప్ప. తెర మీద ఎవరు కారు తలుపు తీసినా, తలుపు చప్పుడుకి ముందు రెండు సైకిలు బెల్లులు కొట్టేసేవారు.

దీనితో ఎక్కువ బాధపడినవాడు పట్టాభిరామయ్య. తెనాలి వైపు మనిషి, ప్రొడక్షన్ మేనేజరు. పుట్టడమే తొందరలో పుట్టినవాడిలా ఉండేవాడు.

"రాఘవయ్యగారూ, ఈ సీన్లో సైకిలు లేదండీ."

"లేదని మనకు తెలుసు బాబూ. తలుపు తీసేవాడికి తెలుసా?"

"వాడు విలనండీ. హీరోయిన్‌ని ఎత్తుకుపోవడానికి దిగుతున్నాడు."

"దిగనివ్వండి. కాస్త చూసుకుని దిగమంటున్నాను."

పట్టాభి కోప్పడి ఆ బెల్లులు తీయించేవాడు. ఆయన సరేనని తలూపి, తరవాతి రీల్లో మళ్ళీ కొట్టేవారు. రెండేళ్ళ కిందటి దాకా ఈయన కూడా అందరిలాగే కార్లను రాసుకుంటూ తొక్కేవాడనీ, వయసు మీదపడి పిరికితనం పట్టుకుందనీ ఫిల్మ్‌నగర్లో అందరూ అనుకునేవారు. పట్టాభి అయితే ఆ మాట మొహం మీదే అనేశాడు. "అవును బాబూ, పిరికితనమే" అని ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. ఒప్పేసుకున్న మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

తొంభై రెండు వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ పిరికితనం పట్టాభి పీక మీదికొచ్చింది. సీతామహాలక్ష్మిగారని భీమవరం ఆవిడ, పట్టాభి మాట నమ్మి మొదటిసారి సినిమా తీసింది. ఆరోజు ఫిల్మ్‌నగర్లోని ప్రివ్యూ థియేటర్లో కొనేవాళ్ళకు చూపిస్తున్నారు. కొనేవాళ్ళు వచ్చి కూర్చునే వేళకు చివరి రీళ్ళు ఇంకా ల్యాబులోనే ఉండడం అప్పట్లో మామూలే. ముందు రీళ్ళు ఆడుతుంటే వెనక రీళ్ళు డబ్బాల్లో ఒక్కొక్కటే వచ్చి చేరేవి. కాని చివరి రీలు రాలేదంటే కొనేవాళ్ళు ఒకే మాట అనుకునేవారు, క్లైమాక్సు ఇంకా తియ్యలేదని. ఆ మాట ఒకసారి పుట్టాక ఎన్ని ఒట్లు పెట్టినా లాభం లేదు, సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. పైగా వీళ్ళందరికీ సాయంత్రం రైలుంది.

ఆ చివరి రీలు, పద్నాలుగోది, పట్టాభి ఒళ్ళో ఉంది. పట్టాభి కార్లో ఉన్నాడు. కారు కదలడం లేదు.

ఎత్తు మీద ఒక బంగళాలో ఏదో కొత్త సినిమా ప్రారంభోత్సవం. దారికి రెండు వైపులా అతిథుల కార్లు, మధ్యలో ఇరుక్కున్న కార్లు, సందుల్లో హీరోని చూడడానికొచ్చిన జనం. డ్రైవరు భిక్షం తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు.

"గిది ఇప్పట్ల కదలది సార్."

"కదలకపోతే ఎలా భిక్షం? అక్కడ పదమూడో రీలు ఎక్కించేసి ఉంటారు."

"నేనేం జేస్త సార్? ముంగట అన్ని బండ్లే."

పట్టాభి డబ్బా ఎత్తి చూసుకున్నాడు. చేతులు లాగేస్తున్నాయి. ఎత్తు మీదికి దీన్ని మోసుకుంటూ పరిగెత్తితే తనకే క్లైమాక్సు అయిపోయేలా ఉంది. అయినా సరేనని తలుపు మీద చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే వెనక రెండు బెల్లులు మోగాయి.

"దిగుతున్నారా పట్టాభిగారూ?"

జన్మలో మొదటిసారి పట్టాభికి ఆ గొంతు తియ్యగా వినబడింది. "దిగుతున్నానండీ. నన్ను థియేటర్ దాకా ఎక్కించుకోండి, మీకు పుణ్యముంటుంది."

"ఎక్కించుకుంటాను. అవతలి చేత్తో తీయండి."

పట్టాభి పళ్ళు కొరుక్కుంటూ అవతలి చేత్తో తీశాడు. వెనక క్యారియర్ మీద పక్కకు తిరిగి కూర్చుని, డబ్బాని బిడ్డలా గుండెకు హత్తుకున్నాడు. సైకిలు కదిలింది. మొదటి కారు దగ్గర రెండు బెల్లులు మోగాయి.

"దిగుతున్నారా అండీ?" "లేదు." దాటారు. రెండో కారు. "దిగుతున్నారా అండీ?" లోపలి ఆసామి నిద్రపోతున్నాడు. రాఘవయ్యగారు ఆగి, అతన్ని కళ్ళతోనే లేపే ప్రయత్నం చేశారు.

"పడుకున్నవాడు ఎలా దిగుతాడండీ?" అన్నాడు పట్టాభి.

"లేచి దిగుతాడు బాబూ. నిద్రలో లేచినవాడు వెనక్కి చూస్తాడా?"

పట్టాభి కళ్ళ ముందు పదమూడో రీలు గిర్రున తిరుగుతోంది. అందులో పాట ఉంది, పాట తరవాత చిన్న ఏడుపు, ఆ తరవాత తెల్లటి తెర. ఇక్కడ ఈయన ఒక ముసలమ్మ వెనకాల నడుస్తున్నంత మెల్లగా తొక్కుతూ, "అమ్మా, మీరు అలాగే నడవండి" అంటున్నారు. అందరూ నడుస్తున్నారు. ఒక్క తన సినిమాయే నడిచేలా లేదు.

కార్ల దగ్గర ఆగితే సరే, ఖాళీ ఉన్నచోట కూడా ఆగుతున్నారు. నాలుగు కార్లు దాటడం, కాలు కింద పెట్టడం, వెనక్కి చూడడం.

"ఇక్కడ కారు కూడా లేదు కదండీ. ఎందుకాగారు?"

"మోకాలు బాబూ. కాస్త పట్టేసింది."

"నా జీవితం పట్టేసిందండీ ఇక్కడ."

"పోదాం, పోదాం" అన్నారే గాని, వెనక ఏదో చూసుకున్నాకే పెడల్ తొక్కారు. పట్టాభికి ఏడుపొచ్చింది. సీతామహాలక్ష్మిగారు ఈపాటికి కొనేవాళ్ళకు రెండోసారి కాఫీలు ఇప్పిస్తూ ఉంటుంది. ఆవిడ మొహంలో నవ్వు పోకుండా ఎంతసేపు ఆపగలదు?

బంగళా దగ్గరికొచ్చేసరికి ఎత్తు ఎక్కువైంది, జనం చిక్కబడ్డారు. వాళ్ళు ఒక తెల్ల కారు దాటారు. బెల్లులు కొట్టారు, అడిగారు, లోపలి పెద్దావిడ లేదని తల కూడా ఊపింది. కాస్త ముందుకు వెళ్ళాక వెనక ఎక్కడో టిక్కుమంది. పట్టాభికి అది వినబడలేదు. ఇరవయ్యేళ్ళుగా తలుపుల చప్పుళ్ళు చేసి బతుకుతున్న మనిషికి వినబడింది. రాఘవయ్యగారు సైకిలు వదిలేసి వెనక్కి పరిగెత్తారు.

మోకాలు పట్టేసిన మనిషి అలా పరిగెత్తగలడని పట్టాభి ఎన్నడూ అనుకోలేదు. అనుకునే వ్యవధి కూడా దొరకలేదు. సైకిలు ఒకవైపు, తను ఒకవైపు పడ్డారు. డబ్బా చేతిలోంచి జారి, అంచు మీద నిట్టనిలువునా నిలబడి, పల్లంలోకి దొర్లడం మొదలుపెట్టింది. కార్ల చక్రాల పక్కనుంచి, జనం కాళ్ళ మధ్య నుంచి, సీతామహాలక్ష్మిగారి క్లైమాక్సు చెక్‌పోస్టు వైపు వెళ్ళిపోతోంది. పట్టాభి లేచి దాని వెనకాల పరిగెత్తాడు.

కింద రాఘవయ్యగారు రెండు చేతులతో తెల్ల కారు తలుపుని నొక్కి పట్టుకుని ఉన్నారు. ఆ తలుపుని ఆనుకున్నంత దగ్గరగా ఒక ఆడమనిషి సైకిలు తొక్కుకుంటూ వస్తోంది, క్యారియర్ మీద బట్టల మూట. డబ్బాని చూసి ఆమె ఒక కాలు నేల మీద ఆనించి, హ్యాండిల్ అడ్డంగా తిప్పింది. డబ్బా ముందు చక్రానికి ఠంగున తగిలి, రెండు చుట్లు తిరిగి, బోర్లా పడింది. కట్టిన తాడు ఊడలేదు.

"ఏంటయ్యా, నన్ను దిగనివ్వవా?" అంటోంది కార్లోంచి పెద్దావిడ.

"దిగుదురుగాని అమ్మా. ఈమెను దాటనివ్వండి. దాటాక అవతలి చేత్తో తీయండి."

పట్టాభి వచ్చి డబ్బా మీద పడ్డాడు. ఆ ఆడమనిషి రహమత్‌నగర్ నీలమ్మ, షూటింగులకు బట్టలు కుట్టే మనిషి. రోజూ చూసే మొహమే.

"డబ్బకు ఏం కాలె సార్, ఫికర్ చేయకుండ్రి" అంది నీలమ్మ. "అన్న గిట్లనే ఉరుకుతడు. నేను ఎనకొస్త కదా, అందుకని."

"రోజూనా?"

"రోజూ. రెండేండ్ల కింద గీ తొవ్వలనే కారు తలుపు తగిలి పడ్డ. చెయ్యి ఇరిగింది. అతికింది గాని, బ్రేకు గట్టిగ పట్టదు. సైకిల్ మూలకేసిన. అన్న మా ఇంటికొచ్చి, నువ్వు తొక్కు, ముంగట నేనుంట అన్నడు." ఆమె గొంతు తగ్గించింది. "చెయ్యి సరిగ లేదంటే పని ఇయ్యరు సార్. ఎవలకు చెప్పకుమని నేనే బతిలాడిన. ఆయన ఎవలకు చెప్పలె."

ఎవరికీ చెప్పలేదు. పిరికివాడివన్నా చెప్పలేదు. పట్టాభికి మొహం మీద తనన్న మాట గుర్తొచ్చింది, సిగ్గేసింది. రాఘవయ్యగారు మాత్రం ఏమీ ఎరగనట్టు పడిపోయిన సైకిలు లేపి, హ్యాండిల్ వంకర సరిచేస్తూ, "పదండి, మీకు ఆలస్యమవుతోంది" అన్నారు.

పట్టాభి క్యారియర్ ఎక్కి, ఈసారి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "నీలమ్మ వస్తోందండీ. పోనివ్వండి." కుడివైపు కార్లను రాఘవయ్యగారు అడిగారు, ఎడమవైపు కార్లను పట్టాభి అడిగాడు. ప్రొడక్షన్ మేనేజరు గొంతు కదా, "దిగుతున్నారా అండీ?" అని ఒక్కసారి అంటే మూడు కార్ల దాకా వినబడింది. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి లేదన్నారు. జనం కూడా, ఇదేదో ప్రారంభోత్సవంలో భాగమనుకుని, పక్కకు జరిగి దారిచ్చారు.

థియేటర్ గుమ్మంలో ఆపరేటర్ చేతులు చాచి నిలబడి ఉన్నాడు. లోపల పదమూడో రీల్లో హీరోయిన్ చెల్లెలు ఆఖరి ఏడుపు ఏడుస్తోంది. డబ్బా అందుకుని అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పట్టాభి చీకట్లోకి వచ్చి, వెనక వరసలో కూలబడ్డాడు. తెర తెల్లబడబోయి, ఆగి, మళ్ళీ వెలిగింది. ముందు వరసలో సీతామహాలక్ష్మిగారు వెనక్కి తిరిగి పట్టాభిని చూసి, చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది.

చివరి రీలు. వాన. ఊరి చివర పాడుబడ్డ మిల్లు. విలన్ కారు వచ్చి ఆగింది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. విలన్ చెయ్యి తలుపు గడియ మీద పడింది.

ట్రింగ్ ట్రింగ్.

ఇంకో రోజైతే పట్టాభి కుర్చీ మీంచి లేచి, రెండుసార్లు తీయించినా మళ్ళీ పెట్టిన ఆ మహానుభావుడి కోసం బయటికి పరిగెత్తేవాడు. పక్కన కూర్చున్న గుంటూరు ఆసామి తెరంతా వెతికి, ఇటు వంగి, "ఏవండీ, సైకిలు చప్పుడైంది. సైకిలేదీ?" అన్నాడు.

"వెనకాల వస్తోందండీ" అన్నాడు పట్టాభి.