ఎడమ వెనుక చక్రంలో నాన్న

నా నోట నిజం నిలవదని అమ్మ నా చిన్నప్పటి నుంచీ అంటుంది. నాన్న పోయాక ఆయన పాత కారు మొండికేసింది. నల్లగండ్ల నుంచి ఆదివారం ప్రార్థనకు అమ్మను తీసుకెళ్తుంటే, రాయదుర్గం ఎక్కుడులో ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు నెమ్మదించేది. ఎడమ వెనుక చక్రం దగ్గర కమురు వాసన.

“నాయిన్నే! నేను నడిపితే ఆయనకెప్పుడన్న నచ్చిందా? బ్రేకు తొక్కుతున్నడు,” అన్నాను, అమ్మను నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. మరుసటి వారం నుంచి ముందు సీటు మానేసి వెనక కూర్చుంది, ఎడమవైపు ఖాళీ వదిలి. ఎక్కుడు రాగానే ఆ ఖాళీ వైపు తిరిగి, “పోనియ్యరాదు. పిల్లగాడు మంచిగనే నడుపుతున్నడు గద,” అనేది. యాభై ఏళ్ల ఈ పిల్లగాడికి అద్దంలోకి చూడాలంటే భయమేసేది.

ఒక ఆదివారం వెనక బస్సు వస్తుండగా ఆ చక్రం క్షణంపాటు బిగుసుకుపోయింది. ఇక విప్పించక తప్పదన్నాను.

“విప్పకు బిడ్డా. విప్పితే పోతడు.”

అయినా లింగంపల్లి మెకానిక్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అతను కారును జాకీ మీద లేపి చక్రం తిప్పబోయాడు. కదల్లేదు. కిందికి దూరి చూశాడు.

“హ్యాండ్‌బ్రేకు కేబులు గింత గుంజి కట్టిందెవరు సార్?”

నేనే. నాన్న పోయిన వారానికి, గేటు దగ్గర కారు జానెడు దొర్లిందని, చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము విప్పే ఓపిక లేక కేబులు బిగించేశాను.

“ముందు డ్రమ్ము లోపలి బ్రేకు షూలు సరిచెయ్యాలె, కేబులు ఆఖరుకు. మీరు ఉల్టా చేసిర్రు. ఇన్నిదినాలు బ్రేకు సగం పట్టే ఉంది.”

కేబులు వదులు చేసి, చక్రం ఆగేదాకా షూలను దగ్గరికి జరిపి, సన్నటి ఒరపిడి మాత్రం వినబడేలా మళ్లీ కొంచెం వదులు చేశాడు. చివర్న కేబులు. ఇప్పుడు చక్రం చేత్తో తోస్తే తిరిగింది.

“అమ్మా, నాయిన కాదే. నేనే. ఉత్తగన్న.”

“నీ మాట ఎన్నడు నమ్మిన, గిప్పుడు నమ్మనీకి?”

తర్వాతి ఆదివారం కారు ఎక్కుడును తేలిగ్గా ఎక్కింది. అద్దంలో చూశాను. అమ్మ ఖాళీ సీటు వైపు తిరిగి ఎదురుచూస్తోంది. ఆ సీటును చేత్తో తడిమింది.

మెల్లగా బ్రేకు నొక్కాను.

“ఇగో, ఉన్నడు,” అంది అమ్మ.

ఇప్పుడు ఒక్కణ్ణే వెళ్తున్నా, ఆ చోటికి రాగానే నా పాదం దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. వెనక హారన్లు మోగుతాయి. పాదం తీద్దామని చూస్తాను. రాదు.