రూప్లా జోడీ

అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో రూప్లా, కోటేష్ తొమ్మిదేళ్లు జోడీగా పనిచేశారు. పొడవాటి గెడకు కట్టిన కొడవలితో రూప్లా గెలలు కోసేవాడు. కోటేష్ వాటిని ట్రాక్టరు దాకా మోసేవాడు. ఇద్దరిదీ ఒకే తండా.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు ముందు మంచాన పడింది కోటేషే. ఆటోవాళ్లు దగ్గరికి కూడా రాలేదు. రూప్లాయే అతణ్ని తన మోటారుబండి ఎక్కించి, జారిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. నాలుగు రోజులకు తనకూ జ్వరం తగిలింది.

కోటేష్ పది రోజుల్లో లేచి తిరిగాడు. రూప్లాకు జ్వరమైతే తగ్గింది గానీ సత్తువ రాలేదు. గెడ ఎత్తితే గుండె దడదడలాడేది, కళ్లు బైర్లు కమ్మేవి. ఏ చెట్టు కోశాడో, ఏది కొయ్యలేదో గుర్తుండేది కాదు. మూడు నెలలైనా అంతే. ఎవరు నమ్మినా నమ్మకపోయినా కోటేష్ నమ్ముతాడని అతని ధీమా. వాడికీ వచ్చిన జబ్బే కదా!

ఒక పొద్దున తోట యజమాని వెంకటరామారావు అందరి ముందూ అడిగాడు.

"ఏంది రూప్లా, ఇంకా ఎన్నాళ్లు? పరీక్షలన్నీ మంచిగనే వచ్చినయంట గదా?"

రూప్లా కోటేష్ వైపు చూశాడు. కోటేష్ తలెత్తకుండానే అన్నాడు.

"నాకూ గదే వచ్చింది సార్. పది రోజులకే పనికొచ్చిన. అన్నకు రోగం లేదు, పని మీద మనసు లేదు."

ఎవరో నవ్వారు. ఆ రోజే గెడా, దానికిచ్చే ఎక్కువ కూలీ కోటేష్ చేతికి పోయాయి.

సంగతి తెలిసి భార్య చాంది నమ్మలేకపోయింది. "గట్లన్నది మన కోటేషేనా?"

"అవ్."

అంతకంటే ఘోరం, రూప్లాకు తన మీదే అనుమానం పుట్టింది. నిజంగానే బద్ధకమా ఇది? తేల్చుకుందామని మర్నాడు పక్క తోటలో గెడ అడిగి తీసుకున్నాడు. మూడో గెల తెగేలోపు కుప్పకూలాడు.

చాంది అతణ్ని మళ్లీ భద్రాచలం తీసుకుపోయింది. డాక్టరమ్మ వేలికి మిషన్ పెట్టి వరండాలో నడిపించింది. ఆరు నిమిషాలకే గుండె పరుగులు పెట్టింది.

"నువ్వు నాటకాలాడట్లేదు. కరోనా పోయినా కొందరికి నెలల తరబడి గిట్లనే ఉంటది. అలుపు రాకముందే ఆగాలె."

రూప్లా వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు.

ఏడాదిన్నర పాటు ఆడవాళ్లతో కలిసి రాలిన పండ్లు ఏరాడు. పది చెట్లకోసారి కూర్చునేవాడు. మెల్లగా దమ్ము నిలిచింది, మతిమరుపు తగ్గింది.

రూప్లా మళ్లీ గెడ పట్టాడని తెలిసి కోటేష్ అతని ఇంటికి వచ్చాడు.

"మళ్లా జోడీ కడదాం అన్నా. గప్పుడు ఏదో నోరు జారిన."

"తెల్వనోళ్లు అంటే పోనీ అనుకుందును కోటేష్. ఆ రోగం ఎట్లుంటదో తెలిసినోడివి నువ్వొక్కడివే."

చాంది చాయ్ తెచ్చింది. ఇద్దరూ తాగారు. కోటేష్ లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు రూప్లా వేరే తోటలో, ఎండెక్కేదాకా మాత్రమే కోస్తున్నాడు. చాంది తోపుడుబండితో గెలలు చేరవేస్తుంది.