టీచరమ్మ కిటికీ

మూలలకు నలుపు పూసిన కార్డు పోయిన నెల వచ్చింది. మా టీచరమ్మ ఇక లేరని ఆమె తమ్ముడి కొడుకు రాశాడు. మా అత్తమ్మకు చదివి వినిపించాను. విని ఒక్కటే అడిగింది, "ఎల్లమాసకు సున్నం ఎప్పుడు తెస్తవ్?" అని. చావుకబురు వింటూ సున్నం సంగతి ఎందుకొచ్చిందో మీకు తెలియాలంటే టీచరమ్మ గురించి చెప్పాలి.

ఆమెది గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక లంక ఊరు. డెబ్బైల్లో మా జహీరాబాద్ బడిలో చరిత్ర చెప్పడానికి వచ్చి, మా ముందుగదిలో అద్దెకు దిగారు. నేనప్పుడు కొత్త కోడలిని. దారిలో రాయి కనబడితే ఆగకుండా పోవడం ఆమె వల్ల అయ్యేది కాదు. కోహీర్‌కు జామపండ్లకని పోయి, ఎవరిదో బావిగట్టు రాయి మీది గీతలు కాగితం మీద ఎక్కించుకొని, ఖాళీ సంచితో ఇంటికొచ్చిన మనిషి. ఇది ఎవరు పాతారు, ఎందుకు పాతారు అని అందరినీ అడిగేవారు. సర్వేవాళ్లు పంపారేమోనని కొందరు రైతులు ఆమె కనబడగానే తమ హద్దురాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడేవారు.

ఎల్లమాస అంటే మా వైపు చలికాలపు అమావాస్య పండుగ. పొలంలో ఐదు రాళ్లకు సున్నం పూసి, పాండవులని మొక్కి, అక్కడే కూరగాయలన్నీ కలిపి ఉడికించిన బజ్జి, సజ్జరొట్టె తింటాం. చిరాగ్‌పల్లి రోడ్డు పక్కన మా పొలానికి మొదటి ఏడు ఆమెనూ తీసుకుపోయాం. ఆమె తిండి మాట మరిచి, నడుమనున్న పెద్దరాయిని వేళ్లతో తడుముతూ కూర్చున్నారు.

"పెద్దమ్మా, దీని మీద బొమ్మ ఉంది. సున్నం కాస్త గీకి చూద్దామా?"

"పాండవుల అంగీ ఇప్పుతవా టీచరమ్మా? ముందుగాల రొట్టె తిను" అంది అత్తమ్మ.

ఆమె బుద్ధిగా రొట్టె తిన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు గానీ, ఏటా వచ్చి ఆ రాయి పక్కనే కూర్చునేవారు.

మీకు రాళ్లంటే ఇంత పిచ్చేమిటని ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ అడిగాను.

"మా రేవులో ఒక రాయి ఉండేది అమ్మాయ్, దాని మీద అక్షరాలుండేవి. ఊరంతా దానికి పడవ తాళ్లు కట్టాం. ఏం రాసుందో ఒక్కళ్లమూ చూడలేదు. ఓ వరదకి గట్టుతో సహా పోయింది."

నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ తర్వాత ఆమె చేతిలో బియ్యం కదల్లేదు. ఆ రేవు రాయి సంగతి అత్తమ్మకు చెప్తే వినీ విననట్టు పొయ్యి దగ్గరికి పోయింది.

కొన్నేళ్లకు చిరాగ్‌పల్లి మీదుగా బొంబాయి పోయే ఆ రోడ్డునే వెడల్పు చేస్తూ మా పొలం అంచు దాకా వచ్చారు. చిన్నరాళ్లు తీసుకుపొమ్మని, పెద్దది లోతుగా దిగింది కాబట్టి పగలగొట్టి మోరీ కట్టుబడిలో వేస్తామని మేస్త్రీ చెప్పాడు. సున్నం పూసిన ప్రతి రాయీ దేవుడే అంటే రోడ్డు ఎట్లా పడుతుందన్నాడు. అత్తమ్మ గబగబా ఇంటికొచ్చి, కొబ్బరిపీచు చేతబట్టి టీచరమ్మ వాకిట్లో నిలబడింది.

"నడువు టీచరమ్మా. నువ్వన్న బొమ్మ జర వానికి చూపియ్యాలె."

పొలంలో మేస్త్రీ ముందరే నీళ్లు పోసి అత్తమ్మే రుద్దింది. ఎన్ని తరాల సున్నమో, పెచ్చులు పెచ్చులుగా లేచింది. ముందు ఆవు కొమ్ము కనబడింది, తర్వాత కత్తి ఎత్తిన మనిషి, పైన సూర్యచంద్రులు. ఆవుల్ని తోలుకుపోయే దొంగలతో కొట్లాడి చనిపోయినవాడై ఉంటాడని టీచరమ్మ చెప్పారు.

"అయితే మా అసొంటోడే" అంది అత్తమ్మ.

మేస్త్రీ చెప్పులు విడిచి దండం పెట్టాడు. తన మనుషులతోనే తవ్వించి, రాయిని పగలకుండా మా పొలం లోపలికి జరిపించాడు.

బొమ్మ కింద రెండు వరుసల రాత ఉంది. నడినెత్తి ఎండలో రాయి ఏమీ చెప్పదని, పొద్దు వాలేదాకా టీచరమ్మ కదల్లేదు. ఏటవాలు వెలుగులో అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. పాత కన్నడంలా ఉంది, నాకు రాదన్నారు. అయినా అంత సంతోషం ఆమె ముఖంలో నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు ఎల్లమాసకు అత్తమ్మ సున్నం కలుపుతుంటే టీచరమ్మ పక్కన చేరి, ఆ రెండు వరుసలు వదిలేయమని బతిమాలారు. చదివేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రావచ్చన్నారు. అత్తమ్మ గొణుక్కుంటూనే బెత్తెడు జాగా వదిలింది. మా పిల్లలు దానికి టీచరమ్మ కిటికీ అని పేరు పెట్టారు. ఆమె రిటైరై లంకకు వెళ్లిపోయాక కూడా ఏటా ఆ కిటికీ తెరిచే ఉంది. చదివేవాళ్లు మాత్రం ఇంకా రాలేదు.

నిన్న ఎల్లమాస. అత్తమ్మకు ఇప్పుడు చూపు ఆనడం లేదు, సున్నం నేనే పూశాను. ఆమె వేళ్లతో తడిమి చూసి, అక్షరాల్లోకి జారిన సున్నాన్ని కొంగుతో తుడిచింది.

"ఆమె రాకున్నా, ఎవరో ఒకరు వస్తరు గదా" అంది.

పొద్దు వాలేదాకా ఇంటికి రానంది. అక్కడే కూర్చుని, కాసేపటికి అడిగింది, "అక్షరాలు లేచినయా?"

లేచాయన్నాను. అత్తమ్మ కొంగు నెత్తిన కప్పుకొని, ఆనని కళ్లతో వాటినే చూస్తూ కూర్చుంది.