పడవ మీద పొగ

మా మేనత్త ఉద్యోగం కొండ మీది టవరెక్కి, దుర్భిణీతో అడవిలో పొగ కోసం వెతకడం. ఎండాకాలంలో సముద్రపు గాలి ఆగిపోయి, కొండల వైపు నుంచి వడగాలి మొదలైందంటే ఆవిడ నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఒక్క నిప్పురవ్వ చాలు, ఎండుగడ్డి భగ్గుమనే రోజులవి. ఇంట్లో పొయ్యి కూడా వెలిగించనిచ్చేది కాదు. సిగరెట్ లేనిదే పూట గడవని మామయ్యనైతే పడవెక్కించి సముద్రంలోకి తరిమేది.

"నీళ్ల మధ్య కూర్చుని తగలేసుకో. ఒడ్డున రవ్వ రాలిందంటే నా చేతిలో అయిపోతావ్!"

మామయ్య తెడ్డు భుజానేసుకుని వెళ్లేవాడు. అత్త అడవంతా చూసి, చివర్లో దుర్భిణీని సముద్రం వైపు తిప్పేది. పడవ మీద సన్నటి పొగ కనబడితే, "ఉన్నాడు మహానుభావుడు," అని గొణిగేది.

వడగాడ్పులు మరీ ముదిరిన ఓ మధ్యాహ్నం పడవ కనబడింది కానీ పొగ కనబడలేదు. ఎండదెబ్బకి పడిపోయాడేమోనని అత్త మాటిమాటికీ దుర్భిణీని అటే తిప్పింది. అయినా డ్యూటీ వదిలి దిగలేదు. తర్వాతి డ్యూటీ మనిషి రాగానే, టవర్ మీద తనతోపాటే ఉన్న నన్ను లాక్కుని ఒడ్డుకి పరుగెత్తింది.

ఒడ్డుకి దగ్గర్లోనే పడవలో, గొడుగు కింద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు మామయ్య.

"పొద్దున్నే జేబులు తడిమి అగ్గిపెట్టె లాక్కున్నావు కదే! దేంతో కాల్చమంటావ్?" అని అరిచాడు.

అత్త తన జేబులోంచి అగ్గిపెట్టె తీసి చూసుకుని, ఇసుకలో కూలబడి ఏడ్చేసింది. ఎక్కడా పొగ కనబడకూడదని బతుకంతా కాపలా కాసిన మనిషి, మోకాల్లోతు నీళ్లలోకి నడిచి వెళ్లి, తనే పుల్ల గీసి సిగరెట్ అంటించింది.